అలవాటులో పొరపాటు: చెయ్యి ఎందుకు తప్పుతుంది, ఎక్కడ ఆపాలి

ఒకరు రాసి అడిగిన విషయం ఇది. వయసు 43, ఇల్లూ ఉద్యోగమూ రెండూ చూసుకుంటున్నారు. ఈ మధ్య టీలో పంచదార బదులు ఉప్పు వేశారు. పాలప్యాకెట్టు అల్మారాలో పెట్టి, టీపొడి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టారు. ఆదివారం గుడికని బయల్దేరి ఆఫీసు దారి పట్టారు. మోటరు ఆపడం మరచిపోతే ట్యాంకు పొర్లి కింది వాటా వాళ్ళు గొడవ పెట్టుకున్నారు. "ఇది మతిమరుపు జబ్బుకి మొదలా, లేక నా నిర్లక్ష్యమా?" అన్నది ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీరు రాసిన నాలుగింటిలో ఏదీ మతిమరుపు జబ్బు లక్షణంగా లెక్కపెట్టేది కాదు. నిర్లక్ష్యం అనడం అంతకన్నా అన్యాయం. మన భాషలో దీనికి ఎప్పట్నుంచో ఒక పేరుంది: అలవాటులో పొరపాటు. ఈ మాటని సర్దిచెప్పుకోవడానికి వాడతాం గానీ, జరిగేది అక్షరాలా అదే. టీ పెట్టడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాడు నీళ్ళు తక్కువ పోస్తాడు, పొడి ఎక్కువ వేస్తాడు, పాలు పొంగిస్తాడు. ఉప్పు మాత్రం వెయ్యడు, ఎందుకంటే ప్రతి డబ్బా మూత తీసి, లోపల ఏముందో చూసి మరీ వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా టీ పెడుతున్న చెయ్యికి చూడాల్సిన పనిలేదు. ఉప్పు వేసేది ఆ చెయ్యే.

ఏ పొరపాటు ఏ రకమో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే రకాన్ని బట్టే మందు మారుతుంది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో చేసిన విభజన ఇప్పటికీ విమానయానంలో, ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. దాన్ని వంటింటి భాషలో చెప్పుకుందాం. పాత కందిపప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుందని తెలియక మూడు విజిల్స్‌కే దించేశారు: అది అంచనా తప్పడం. కుక్కర్ అడుగున నీళ్ళు పొయ్యకుండానే గిన్నెలు పెట్టి మూత బిగించారు: అది ధ్యాస తప్పడం. పప్పులో వెయ్యాల్సిన పసుపు పక్కనున్న బియ్యం గిన్నెలో వేశారు: అది చెయ్యి తప్పడం. మొదటిదాంట్లో అనుకున్నదే తప్పు, కాబట్టి తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకుంటే పోతుంది. మిగతా రెండింటిలో అనుకున్నది సరైనదే, జరిగింది వేరు. వాటికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" అని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నా అవి తగ్గవు, ఎందుకంటే ఆ జాగ్రత్త సరిగ్గా ఆ క్షణంలోనే అక్కడ ఉండదు. డబ్బా చోటు మార్చాలి, పనుల వరస మార్చాలి, గుర్తుచేసే వస్తువుని దారికి అడ్డం పెట్టాలి. ఇక్కడ చెప్పేదంతా ఈ రెండు రకాల గురించే.

అసలు లోపల ఏం జరుగుతోందో టీ గిన్నె దగ్గరే చూడొచ్చు. ఇద్దరికి టీ అంటే కప్పు నీళ్ళు, కప్పు పాలు, రెండు చెంచాల పొడి, రెండు చెంచాల పంచదార. ఇందులో చిన్న చిన్న కదలికలు ఇరవైకి పైనే ఉంటాయి: లైటర్ అందుకోవడం, నాబ్ నొక్కి తిప్పడం, గిన్నె కడిగి నీళ్ళు పట్టడం, డబ్బా దించి మూత తియ్యడం, చెంచా వెతకడం, ఇలా. మొదట్లో ఒక్కొక్కదానికీ ధ్యాస కావాలి. కొన్నివందల సార్లు చేశాక ఇవన్నీ ఒకే దండలో పూసల్లా గుచ్చుకుంటాయి, ఒకటి కదిపితే తర్వాతది దానంతటదే వస్తుంది. దండ మొత్తానికి ధ్యాస అక్కర్లేదు, రెండు మూడు చోట్ల మాత్రం కావాలి. ఏ డబ్బా అన్నది అలాంటి చోటు. మంట తగ్గించాలా అన్నది ఇంకొకటి. సరిగ్గా ఆ క్షణంలో ఫోను మోగినా, పిల్లాడు "అమ్మా, నా సాక్సులేవీ?" అని అరిచినా, చెయ్యి ఆగదు. తనకి తెలిసినంతలో పని పూర్తిచేస్తుంది.

చెయ్యికి తెలిసింది ఎంత? "కుడి అరలో, భుజం ఎత్తున, స్టీలు డబ్బా, లోపల తెల్లపొడి." అంతే. ఆ వర్ణనకి పంచదార డబ్బా ఎంత సరిపోతుందో, మెత్తటి ఉప్పు డబ్బా కూడా అంతే సరిపోతుంది. అమెరికన్ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1981లో ఇలాంటి చేతి పొరపాట్లని వర్గాలుగా విడదీసినప్పుడు దీన్ని వర్ణన చాలకపోవడం వల్ల వచ్చే తప్పుగా లెక్కగట్టాడు. మన ఇళ్ళలో ఇది పెరగడానికి ఒక స్పష్టమైన కారణం ఉందని నా నమ్మకం. కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు అంటారు, వాడినన్నాళ్ళూ అది పింగాణీ జాడీలో ఉండేది, చేత్తో తీసి వేసేవాళ్ళు. కంటికీ వేళ్ళకీ కూడా పంచదారకి దూరం. మెత్తటి ప్యాకెట్ ఉప్పు వచ్చాక, ఒకే సెట్టులో కొన్న ఆరు స్టీలు డబ్బాల్లో రెండింటిలోకి ఉప్పూ పంచదారా చేరాయి.

కాబట్టి చెయ్యాల్సింది: ఉప్పుని మళ్ళీ జాడీలోకి మార్చండి, పొయ్యికి రెండో పక్క పెట్టండి, అందులో చెక్క చెంచా వేసి ఉంచండి. డబ్బా మీద పేరు అంటించడం చాలదు. చదవడానికి కూడా ధ్యాస కావాలి, మనకి కరువైంది అదే. చేతికి తగిలే తేడా ఉంటే మనసు ఎక్కడున్నా వేళ్ళు ఆగుతాయి. కళ్ళలో వేసే చుక్కల సీసా, చెవి చుక్కల సీసా పక్కపక్కన పెట్టకూడదన్న జాగ్రత్త కూడా ఇందుకే. ఫ్లోర్ క్లీనర్‌ని, కిరోసిన్‌ని పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకూడదని డాక్టర్లు నెత్తీనోరూ బాదుకునేదీ ఇందుకే. అక్కడ జరిగేదీ ఉప్పు పొరపాటే, తాగేది పిల్లాడు కావడమే తేడా.

పాలప్యాకెట్టు అల్మారాలోకి, టీపొడి ఫ్రిజ్‌లోకి వెళ్ళడం వేరే రకం. అప్పుడు రెండు చేతుల్లో రెండు వస్తువులు, మనసులో రెండు ఆజ్ఞలు ఉన్నాయి: ఒకటి ఫ్రిజ్‌కి, ఒకటి అల్మారాకి. రెండూ పూర్తయ్యాయి, వస్తువులు మాత్రం తారుమారయ్యాయి. అరటితొక్క చేతిలో ఉంచుకుని పండుని చెత్తబుట్టలో వేసేదీ ఇదే. ఒకేసారి ఒకే వస్తువు చేతిలో పట్టుకుంటే ఈ రకం దాదాపు మాయమవుతుంది. నిమిషం ఆలస్యమవుతుంది, అంతే.

పిల్లల పేర్లు తారుమారు కావడం కూడా దీనికి దగ్గరి చుట్టమే. పెద్దవాణ్ణి చిన్నవాడి పేరుతో, కూతుర్ని చెల్లెలి పేరుతో పిలిచి, మూడోసారికి గానీ అసలు పేరు అందుకోలేరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో దీనిమీద పనిచేశారు. ఇంటివాళ్ళ పేర్ల స్థానంలో ఇంటివాళ్ళ పేర్లే వస్తాయి, స్నేహితుల స్థానంలో స్నేహితులవి. పెంపుడు కుక్క పేరు కూడా ఇంటివాళ్ళ జాబితాలో చేరుతుందని తేలింది. ఒకే ప్రేమ గూట్లో ఉన్న పేర్లు ఒకదానికొకటి అడ్డుపడతాయి. మీ అమ్మగారు మిమ్మల్ని మీ అక్క పేరుతో పిలిస్తే కంగారు పడకండి.

ఇక ఆదివారం దారి సంగతి. దీన్ని అలవాటు లాక్కుపోవడం అనవచ్చు. రెండు పనులకి మొదటి భాగం ఒకటే అయి, మధ్యలో ఒక చీలిక ఉండి, అందులో ఒక దారి రోజూ నడిచేది అయితే, చీలిక దగ్గర ధ్యాస లేనివాళ్ళు ఎప్పుడూ రోజువారీ దారిలోకే పోతారు. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు జేఎన్‌టీయూ కూడలిలో కుడికి తిరిగితే హైటెక్ సిటీ, తిన్నగా పోతే కూకట్‌పల్లి మీదుగా అమీర్‌పేట. వారానికి ఐదు రోజులు కుడికి తిరిగే బండి, బల్కంపేట ఎల్లమ్మ గుడికని బయల్దేరిన ఆదివారం కూడా కుడికే తిరుగుతుంది. దీనికి తిరుగులేదు: ఈ పొరపాటు బలమైన అలవాటు వైపే జరుగుతుంది. రోజూ గుడికి వెళ్ళేవాళ్ళు పొరపాటున హైటెక్ సిటీకి పోరు. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు: విందుకి బట్టలు మార్చుకుందామని పడకగదిలోకి వెళ్ళి, ఒక్కొక్కటీ విప్పుతూ విప్పుతూ చివరికి పక్కమీదకి చేరినవాళ్ళ గురించి. బట్టలు విప్పడం దాకా రెండు పనులకీ దారి ఒకటే.

దీన్ని ఆపాల్సింది చీలిక దగ్గర, ఇంటి గుమ్మం దగ్గర కాదు. బయల్దేరేముందు "ఈరోజు గుడికి" అనుకోవడం వల్ల లాభం తక్కువ, అరగంట తర్వాత కూడలికి చేరేసరికి అది మనసులో అడుగున ఉంటుంది. కొబ్బరికాయ సంచి బండి హ్యాండిల్‌కి, కళ్ళెదుట తగిలించండి. కారైతే డాష్‌బోర్డు మీద పెట్టండి. ఆఫీసునుంచి వచ్చేటప్పుడు మందులు కొనాలంటే మందుల చీటీని ఫోను కవరు వెనక పెట్టకండి, తాళంచెవికి రబ్బరు బ్యాండుతో చుట్టండి. ఇంకో మంచి పద్ధతి: "సాయంత్రం మందులు కొనాలి" అని కాకుండా, "పెట్రోలు బంకు కనిపించగానే ఎడమ పక్కకి వచ్చి మందుల షాపు దగ్గర ఆగుతాను" అని చోటుతో ముడిపెట్టి అనుకోవడం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1990లలో చేసిన పరిశోధనల్లో, ఇలా "ఫలానాది కనిపిస్తే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్న సంకల్పం ఉత్త సంకల్పంకన్నా ఎక్కువగా నెరవేరుతుందని తేలింది.

మన పెద్దవాళ్ళు కొంగున ముడి వేసుకునేవాళ్ళు. ఆ ముడిలో సగం తెలివి ఉంది, సగం లోపం ఉంది. ఏదో గుర్తుపెట్టుకోవాలని అది చెబుతుంది. ఏమిటో చెప్పదు, ఎక్కడో చెప్పదు. మంచి గుర్తుకి ఈ రెండూ ఉండాలి.

మోటరు సంగతికి వస్తే, అది చెయ్యి తప్పడం కాదు, ధ్యాస తప్పడం. ఒకపని మొదలుపెట్టి, కొంతసేపయ్యాక మళ్ళీ దాని దగ్గరికి రావాలి. ఆ మధ్యలో గుర్తుచేసేది ఏమీ ఉండదు, మోటరు చప్పుడుకి చెవి అలవాటు పడిపోతుంది. పొయ్యిమీద పాలు, గీజర్, ఇస్త్రీపెట్టె, చార్జింగ్ పెట్టిన బండి అన్నీ ఈ జాతివే. ఇలాంటి "తర్వాత చెయ్యాల్సిన" జ్ఞాపకంలో, ఏదైనా కనబడినప్పుడు చెయ్యాల్సిన వాటికన్నా ఇంత సమయం తర్వాత చెయ్యాల్సినవి ఎక్కువ జారతాయి. గడియారం చూడాలన్న సంగతిని కూడా మనమే గుర్తుపెట్టుకోవాలి కాబట్టి.

ముందుగా ఒకరోజు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవండి. 40 నిమిషాలు పట్టిందనుకోండి, ఫోనులో 35 నిమిషాల టైమరు పెట్టుకోవాలి. అయితే కీలకం వరసలో ఉంది: ముందు టైమరు, తర్వాతే స్విచ్చి. స్విచ్చి వేశాక పెడదాంలే అనుకుంటే పెట్టరు, ఎందుకంటే స్విచ్చి వెయ్యగానే మనసు "ఈ పని అయిపోయింది" అని మూసేస్తుంది. టైమరు మోగాక "ఈ ఒక్క ముద్దా తిని లేస్తా" అని దాన్ని ఆపేయడం రెండో ఉచ్చు. లేచి స్విచ్చి దగ్గరికి వెళ్ళి, మోటరు ఆపాక మాత్రమే అలారం ఆపండి. వీలుంటే ఫోనుని స్విచ్చిబోర్డు దగ్గరే వదిలెయ్యండి, అలారం ఆపడానికైనా అక్కడికి నడవాల్సి వస్తుంది.

అంతకన్నా మంచిది నీటిమట్టం చూసి తనంతట తానే ఆపే ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించడం. ట్యాంకులో పైమట్టానికి ఒక సెన్సరు, సంపులో అడుగుమట్టానికి ఒకటి ఉండేది తీసుకోండి. పైది నీళ్ళు పొర్లకుండా చూస్తుంది. కిందిది మోటరుని కాపాడుతుంది, సంపు ఎండిపోయాక నీళ్ళు లేకుండా తిరిగితే సీలు పాడై, వేడెక్కి వైండింగ్ కాలే ప్రమాదం ఉంది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, గంటసేపు ఊరికే తిరిగితే ముప్పావు యూనిట్ పైనే పోతుంది. కరెంటు ఖర్చుకన్నా పోయిన నీళ్ళూ, పక్కవాటా వాళ్ళతో మాటా ఎక్కువ ఖరీదు. మనిషి మరవకుండా చెయ్యడంకన్నా మరచినా ఫరవాలేకుండా చెయ్యడం ఎప్పుడూ గట్టి పద్ధతి. పాలకి కూడా ఇలాంటిదే ఉంది: రెండు పొరల మధ్య నీళ్ళు పోసే పాలకుక్కర్. నీళ్ళ ఆవిరికి విజిల్ వేస్తుంది, పాలు నేరుగా మంటకి తగలవు కాబట్టి పొంగి పొయ్యిమీద పడవు.

మీరు అడగకపోయినా చెప్పి తీరాల్సిన రకం ఒకటుంది: అసలు పని అయిపోయాక మిగిలిపోయే చివరి మెట్టు. ఆధార్ జిరాక్స్ చేతికి రాగానే పని అయిపోయింది, అసలు కార్డు మెషిన్ అద్దం కింద ఉండిపోతుంది. వంట అయింది, రెగ్యులేటర్ ఆన్‌లోనే ఉంటుంది. మందులు కొన్నాం, హెల్మెట్ కౌంటరు మీద. ఏటీఎంలో డబ్బు తీసుకుని కార్డు వదిలేసేవాళ్ళు ఎక్కువని గమనించే, చాలా మెషిన్లలో ముందు కార్డు వెనక్కి తీసుకున్నాకే డబ్బు వచ్చేలా వరస మార్చారు. ఆ కిటుకుని మీరూ వాడుకోవచ్చు: జిరాక్స్ అబ్బాయికి డబ్బులు అసలు కార్డు పర్సులో పెట్టాకే ఇవ్వండి. రెగ్యులేటర్ కట్టాకే అన్నం గిన్నె టేబుల్ మీదకి తీసుకెళ్ళండి. మనసు ఎదురుచూసే ప్రతిఫలాన్ని చివరి మెట్టు వెనక్కి నెట్టడం, అంతే.

యూపీఐలో 500 బదులు 5000 పోవడం, ఒకే పేరున్న ఇద్దరిలో వేరేవాళ్ళకి పోవడం కూడా చేతి అలవాటే. పిన్ కొట్టడం వేళ్ళకి ఎంత పాఠమైపోయిందంటే, తెరమీద పేరు కళ్ళు చూసేలోపే చివరి అంకె పడిపోతుంది. పిన్ తెర రాగానే బొటనవేలు ఫోను మీదనుంచి ఎత్తి, పేరూ మొత్తమూ పెదవులు కదిపి చదవండి. ఒకసారి వెళ్ళిన డబ్బు దానంతటది వెనక్కి రాదు.

పెదవులు కదపడం అన్నాను, అది ఊరికే అన్న మాట కాదు. జపాన్ రైళ్ళలో డ్రైవరు సిగ్నల్ వైపు వేలు చూపించి, రంగు గట్టిగా చెప్పే పద్ధతి ఉంది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో చేసిన ప్రయోగంలో, ఏమీ చెయ్యకుండా ఉన్నప్పుడు 100 పనులకి 2.38 తప్పులు జరిగితే, వేలు చూపించి చెప్పినప్పుడు 0.38కి తగ్గాయి. మన రైల్వేలో కూడా లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ ఇద్దరూ సిగ్నల్‌ని ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకుంటారు. ఇంట్లో దీన్ని రెండు మూడు చోట్లే వాడండి, అన్నిచోట్లా వాడితే అదీ అలవాటై అర్థం పోతుంది. రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ వైపు వేలు చూపించి "గ్యాస్ కట్టేశాను, మంగళవారం" అనండి. వారం పేరు చేర్చడం ముఖ్యం. లేకపోతే నిన్న కట్టిన జ్ఞాపకమూ ఈరోజుదీ ఒకటిగా కలిసిపోతాయి. "తాళం వేశానా లేదా" అన్న అనుమానం బస్సెక్కాక రావడానికి కారణం అదే: వేశారు, కానీ దానికి విడిగా ఒక గుర్తు పడలేదు.

అనుమానం వచ్చిందని మళ్ళీ మళ్ళీ చూడకండి. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే పరిశోధకులు 2003లో కంప్యూటర్ తెరమీద గ్యాస్ పొయ్యి బొమ్మతో ప్రయోగం చేశారు. ఒకే పొయ్యిని పదేపదే చూసి సరిచూసుకున్నవాళ్ళకి జ్ఞాపకం నిజానికి సరిగ్గానే ఉంది, కానీ అది మసకబారింది, దానిమీద నమ్మకం పోయింది. చూసినకొద్దీ అనుమానం పెరుగుతుందన్నమాట. ఒక్కసారి చూడండి, నోటితో చెప్పండి, వెళ్ళిపోండి. ఈ చూసుకోవడానికే రోజుకి గంటపైన పోతుంటే అది మతిమరుపు కాదు, మానసిక వైద్యుడు నయం చెయ్యగలిగిన వేరే ఇబ్బంది.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చి "ఎందుకొచ్చాను?" అని నిలబడిపోవడం గురించి చాలామంది బెంగపడతారు. అమెరికాలో గాబ్రియేల్ రాడ్వాన్‌స్కీ బృందం 2011లో, గుమ్మం దాటడమే మరుపుని పెంచుతుందని చూపించింది. తర్వాతి ప్రయోగాల్లో, బుర్రలో ఇంకోపని కూడా నడుస్తున్నప్పుడే ఇది గట్టిగా కనబడింది. వెళ్తూ వెళ్తూ "కత్తెర, కత్తెర" అనుకోండి. మరచిపోతే మొదటి గదికి తిరిగి వెళ్ళండి, అక్కడి వస్తువులే గుర్తుచేస్తాయి.

నవ్వుకుని వదిలెయ్యకూడనివి రెండున్నాయి. ఒకటి మందులు. వేసుకున్న మాత్రని మళ్ళీ వేసుకోవడం, వేసుకోకుండానే వేసుకున్నాననుకుని మానెయ్యడం, రెండూ అలవాటు పొరపాట్లే. వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల పెట్టె కొనండి, పొద్దుటికీ రాత్రికీ వేరే గళ్ళుండాలి. ఆదివారం ఒకేచోట కూర్చుని, ఫోను పక్కన పెట్టి, డాక్టరు చీటీ చూస్తూ నింపండి. పెట్టె లేకపోతే కొత్త స్ట్రిప్పు విప్పగానే ఒక్కో మాత్ర వెనక వారం పేరు పెన్నుతో రాయండి. అనుమానం వచ్చినప్పుడు ఇన్సులిన్ గానీ, షుగరు మాత్ర గానీ, రక్తం పలచబడే మందు గానీ "ఎందుకైనా మంచిది" అని మళ్ళీ తీసుకోకండి. షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు, రక్తస్రావం కావచ్చు. షుగరు చూసుకుని, డాక్టరుకి ఫోను చేసి అడగండి.

రెండోది కారులో నిద్రపోయిన పిల్లలు. అమెరికాలో ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు ఎండకి వేడెక్కిన కార్లలో చనిపోతున్నారు. అందులో సగానికి పైగా పెద్దలు మరచిపోయి దిగిపోయినవి. అక్కడ మనవాళ్ళ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఇక్కడా కార్లు పెరిగాయి. ఇది ప్రేమలేని తల్లిదండ్రులకి జరిగేది కాదు. రోజూ భార్య దింపే పిల్లాణ్ణి ఒకరోజు భర్త తీసుకెళ్తాడు, పిల్లాడు నిద్రపోయి చప్పుడు చెయ్యడు, కారు చీలిక దగ్గర ఆఫీసు వైపు తిరుగుతుంది. పైన చెప్పిన ఆదివారం దారే ఇది. మూసిన కారులో వేడి 10 నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాగు, ఆఫీసు గుర్తింపు కార్డు ఎప్పుడూ వెనక సీట్లో పిల్లాడి పక్కనే పెట్టండి, పిల్లాడు కారులో లేని రోజుల్లో కూడా అక్కడే. డేకేర్ వాళ్ళతో ఒప్పందం చేసుకోండి: తొమ్మిదింటికి పిల్లాడు రాకపోతే తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఫోను చెయ్యాలి. "నా బిడ్డని నేను మరచిపోతానా" అని కొట్టిపారెయ్యకండి. అందరూ అలాగే అనుకున్నారు.

ఇంట్లో వీటిమీద జరిగే గొడవల గురించి ఒకమాట. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1901లో ప్రతి పొరపాటు వెనకా అణచిపెట్టిన కోరిక ఉంటుందన్నాడు. ఎక్కడో ఒకటీ అరా నిజం కావచ్చు గానీ, ఆ తర్వాత జనం డైరీల్లో రాసిన రోజువారీ పొరపాట్లు పరిశీలిస్తే చాలామటుకు అలవాటు, పోలిక, అంతరాయం ఈ మూడింటితోనే సరిపోతుంది. "కావాలనే మరచిపోయావు, నామీద లక్ష్యం ఉంటేగా" అన్న నింద చాలా ఇళ్ళలో వినబడుతుంది. దయచేసి ఆ మాట అనకండి. పెళ్ళిరోజు మరచినవాడు ప్రేమ మరచినట్టు కాదు. ఆ తేదీని గుర్తుచేసే వస్తువు అతని దారిలో లేదు, అంతే.

పొరపాట్లు ఒక్కసారిగా పెరిగాయంటే ముందు చూడాల్సింది నిద్ర. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్పందనతో సమానమని ప్రయోగాలు చెప్పాయి. తెల్లవారుజామున ఐదింటికి లేచి రాత్రి పదింటికి గిన్నెలు సర్దుతున్న ఇల్లాలు సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది. ఆ వేళలో గ్యాస్, మందులు, డబ్బు పంపడం లాంటివి పెట్టుకోకండి. తర్వాత మనసులోని దిగులు. ఆ తర్వాత మందులు: జలుబుకి వేసే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకీ ఆందోళనకీ వాడే ఆల్ప్రజోలమ్ లాంటివి ధ్యాసని మందగిస్తాయి. విటమిన్ బి12 లోపం శాకాహారుల్లోనూ, షుగరుకి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలోనూ ఎక్కువ. థైరాయిడ్ తగ్గినా బుద్ధి మందంగా ఉంటుంది. 43 ఏళ్ళ వయసులో ఒకసారి బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోవడం మంచిదే, భయంతో కాకపోయినా.

డాక్టరు దగ్గరికి తప్పక వెళ్ళాల్సినవి వేరు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం మామూలు, తాళంచెవి దేనికో తెలియకపోవడం మామూలు కాదు. ఆఫీసు దారి పట్టి, అరె అనుకుని వెనక్కి తిరగడం మామూలు. పదేళ్ళుగా తిరిగిన వీధిలో ఇల్లు దొరకకపోవడం కాదు. అడిగిన ప్రశ్నే గంటలో నాలుగుసార్లు అడగడం, లెక్కలు చూసుకోలేకపోవడం, తన తప్పులు తనకి తెలియక ఇంట్లోవాళ్ళే గమనించడం, ఇవి ఉంటే నరాల వైద్యుణ్ణి చూడాలి. మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా అది పరధ్యానం కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి, లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే వ్యవధి.

మీకైతే రెండు వారాల పని ఒకటి చెబుతాను. వంటింట్లో ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ దారంతో కట్టి పెట్టండి. ఏ పొరపాటు జరిగినా ఒక్క వరస రాయండి: టైమెంత, ఏం చెయ్యబోయారు, ఏం చేశారు, ఆ క్షణంలో మధ్యలో ఏం వచ్చింది. అప్పటికప్పుడే రాయాలి, రాత్రికి గుర్తుండదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే చాలావరకు ఉదయం ఏడుకీ ఎనిమిదిన్నరకీ మధ్య, ఎవరో ఒకరు పిలిచినప్పుడే పడతాయని నా అంచనా. రెండు వారాలయ్యాక అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక్కదాన్నే తీసుకుని, దానికి సంబంధించిన డబ్బానో, కొక్కేన్నో, పనుల వరసనో మార్చండి. మిగతావి ఇప్పుడే కదపకండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ వస్తువు ఎక్కడుందో చెయ్యికి తెలియక మొదటి వారం పొరపాట్లు ఇంకా పెరుగుతాయి. ఉప్పు జాడీ కొత్తచోట కుదురుకోవడానికే మూడు నాలుగు వారాలు ఇవ్వండి. ఆ తర్వాత మోటరు కంట్రోలర్ సంగతి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి.